చెడు రుచి ఆగిన రోజు

"మందు పేరు చెప్పు చాలు. ఎందుకు కలిపావో తర్వాత తీరిగ్గా మాట్లాడుకుందాం," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"నేనేం కలపలేదండీ."

"మరి మీ మావయ్య టీ తాగుతూ చొంగ కార్చుకుని ఎందుకు పడిపోయాడు? సరదాకా?"

"తాగలేదండీ. మేం తాగం. రుచి చూసి ఉమ్మేస్తాం."

"ఉమ్మేస్తేనే ఇలా అయ్యాడా! మింగి ఉంటే నేను ఆస్పత్రి దాకా వెళ్లే పని తప్పేది. నేరుగా మార్చురీకే."

బల్లకి అవతల కూర్చున్న అల్లుడు ఆ మాటకి కళ్లు గట్టిగా మూసుకున్నాడు. ముప్పై దాటని మనిషి. పొద్దుటినుంచీ చేతికి బేడీ ఉంది. పక్కనున్న కానిస్టేబుల్ మంచినీళ్ల గ్లాసు తెచ్చి, బేడీ లేని చేతివైపు పెట్టి వెళ్లాడు. ఎవరూ చెప్పకుండా చేసిన పని అది. నాకు ఆ కానిస్టేబుల్ నచ్చాడు.

నేను మూల కుర్చీలో కూర్చుని వింటున్నాను. నాది ప్రైవేటు డిటెక్టివ్ పని. పడిపోయినాయన కూతురు, అంటే ఈ కుర్రాడి భార్య, ఒకప్పుడు మా పక్క వాటాలో పెరిగిన పిల్ల. మా ఆవిడ బతికున్న రోజుల్లో సగం భోజనాలు మా ఇంట్లోనే చేసేది. ఇవాళ ఫోన్ చేసి, "బాబాయ్‌గారూ, నాన్న ఆస్పత్రిలో, మా ఆయన స్టేషన్లో. నేను ఎటు వెళ్లాలి?" అని అడిగింది. ఆమెను ఆస్పత్రికి వెళ్లమని చెప్పి నేను ఇటు వచ్చాను.

ఆమె తండ్రి టీ టేస్టర్. తోటల నుంచి వచ్చే టీ ఆకుని వేలం వేసే కంపెనీలో ఏ ఆకు మేలో, ఏది నాసో నోటితో చూసి తేలుస్తాడు. నలభై ఏళ్ల అనుభవం. కంపెనీలో అందరూ ఆయన్ని పెద్దనాలుక అంటారు. అల్లుడు ఆయన దగ్గరే పని నేర్చుకున్నాడు కాబట్టి సహజంగానే చిన్ననాలుక అయ్యాడు. ఇవాళ ఉదయం రుచి చూసే గదిలో, అల్లుడు పోసిన కప్పుల ముందే, పెద్దనాలుక ఊపిరాడక కుప్పకూలాడు. పురుగుమందు తాగినవాళ్ల లక్షణాలే ఉన్నాయని, పెదవుల పక్కనుంచి ధారగా చొంగ కారుతోందని ఆస్పత్రి నుంచి కబురు వచ్చింది.

ఇన్‌స్పెక్టర్ నా వైపు తిరిగాడు. "మాస్టారూ, మీకు తెలియని సంగతి ఒకటి చెబుతాను. పదిరోజులుగా పెద్దాయన ఏ టీ నోట్లో పోసుకున్నా ఛీ అంటున్నాడు. ఏదో కుళ్లినట్టు, ఉప్పగా ఉందంటాడు. ఈయనగారేమో అంతా బాగానే ఉందంటాడు. పోయిన వారం కొనేవాళ్ల ముందు, 'నీది నాలుకా, చెప్పు అట్టా?' అని అల్లుణ్ని కడిగేశాడు. అంటే ఏమిటి? వీడు రోజూ కాస్త కాస్త కలుపుతున్నాడు. ఆ నాలుక పట్టేసింది. వీడికి భయం వేసి ఇవాళ మోతాదు పెంచాడు. పెద్దాయన పోతే ఆ కుర్చీ ఎవరికి? వీడికి."

లెక్క చక్కగా కుదిరింది.

"బాబూ," అన్నాను అల్లుడితో. "ఇవాళ కూలబడే ముందు మావయ్యగారు టీ గురించి ఏమన్నారు?"

"బాగుందన్నారండీ. మూడు రోజులుగా బాగుందనే అంటున్నారు. చెడు రుచి పోయిందని మొన్న అందరికీ చెప్పుకున్నారు కూడా."

ఇన్‌స్పెక్టర్ మొహం చిట్లించాడు. "రుచి తెలియని మందుకి మార్చాడన్న మాట."

"చిన్న మోతాదుకి కుళ్లు రుచి, పెద్ద మోతాదుకి మంచి రుచా?" అన్నాను.

"అది వీణ్నే అడగండి, కలిపింది వీడు కదా."

నేను అడిగింది వేరే. "ఈమధ్య ఆయన ఒంట్లో ఏమైనా బాగోలేదా?"

అల్లుడు చప్పున తలెత్తాడు. "లేదండీ. ఏం లేదు."

అబద్ధం. కానీ విషం పెట్టినవాడు, ఆయనకి ముందునుంచే ఒంట్లో బాగోలేదని చెప్పుకుని తప్పించుకోవాలని చూస్తాడు గానీ లేదని ఎందుకంటాడు? తనకి పనికొచ్చే మాటని తనే దాస్తున్నాడు. స్టేషన్ మెట్లు దిగుతుంటే నా బుర్రలో చిక్కు ఇంకాస్త బిగిసింది.

దారిలో పెద్దనాలుక కూతురికి ఫోన్ చేశాను. వెనక ఆస్పత్రి చప్పుళ్లు వినిపిస్తున్నాయి.

"నాన్న నిద్ర ఎలా పోతున్నారమ్మా?"

"పడుకోవట్లేదు బాబాయ్‌గారూ. రెండు రాత్రులుగా కుర్చీలోనే. పడుకుంటే ఊపిరి ఆడట్లేదన్నారు. పాలు తప్ప ఏం తినలేదు. ఈ ఎండలో మెడకి మఫ్లర్ ఏంటి నాన్నా అంటే చలేస్తోందన్నారు. మాట కూడా అదోలా... నోట్లో నీళ్లు పోసుకుని మాట్లాడినట్టు ఉంది."

"డాక్టరుకి చూపించలేదా?"

"వేలం అయిపోనీ అన్నారు. ఏడాదిలో మొదటి ఆకు వేలం కదా. ఈ నెలలో టేస్టరు నోట్లో మందు పడిందని తెలిస్తే కంపెనీ ఆయన్ని బల్ల దగ్గరికి రానివ్వదు. రుచి చెడిపోతుందట. మా ఇంట్లో ఈ నెలంతా పళ్లపొడి కూడా వాడరు." "బాబాయ్‌గారూ, మా ఆయన అలాంటి పని చేస్తారా?"

"నేను చూసి చెబుతానమ్మా," అన్నాను. చేయడని చెప్పి ఉంటే ఆమెకి ఎంతో ఊరటగా ఉండేది. కానీ నాకే తెలియదు.

*

రుచి చూసే గది తలుపు దగ్గర మేనేజర్, ఆయన పక్కన నాకన్నా ముందే చేరిన ఇన్‌స్పెక్టర్ నిలబడి ఉన్నారు.

"రండి మాస్టారూ, మీకోసమే తుడవకుండా ఉంచాం," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

పొడుగాటి తెల్ల బల్ల. దాని మీద వరసగా పిడిలేని తెల్ల కప్పులు, ప్రతి కప్పు వెనకా మూతపెట్టిన చిన్న పింగాణీ గిన్నె, దాని వెనక ఆకు ఉన్న రేకు డబ్బా. కింద, చక్రాల మీద దొర్లే ఉమ్మి తొట్టి. ఉదయం కప్పుల్లోని టీని పరీక్షకి పంపేశారు. ఒక పక్క చిన్న పొయ్యి మీద మైనం గిన్నె ఉంది. డబ్బాలు గాలి తగలకుండా మూతల అంచుకి మైనం పోసి మూస్తారట. ఆ గడ్డకట్టిన మైనంలో, పళ్ల సందులు గుచ్చుకునే సన్నటి పన్నుపుల్ల ఒకటి నిలబడి ఉంది. మైనం పుయ్యడానికి కుంచె ఉండగా పన్నుపుల్ల ఎందుకు? ఆ మాటే మేనేజర్ని అడిగాను. ఆయన భుజాలెగరేశాడు.

పెద్దనాలుక కూర్చునే చోట పెద్ద గుండ్రటి టేస్టింగ్ చెంచా లేదు. చక్కెర వేసుకునే చిన్న చెంచా ఉంది.

"ఇది ఎవరిది?"

"ఆయనదేనండీ," అన్నాడు మేనేజర్. "వారం నుంచీ దీంతోనే చూస్తున్నారు. ఆ పెద్ద చెంచా ఏమైందంటే, బరువుగా ఉందన్నారు."

"చెంచా బరువైందంటే నీరసం. నీరసం అంటే విషం," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

సొరుగు తెరిచాను. నాలుగైదు చేతిరుమాళ్లు ఉండ చుట్టి ఉన్నాయి. ఇంకా తడిగానే ఉన్నాయి. ఒకటి ముక్కు దగ్గర పెట్టుకుని వెంటనే తీసేశాను.

"చొంగ," అన్నాడు ఇన్‌స్పెక్టర్ తృప్తిగా. "ఇదీ విషం లక్షణమే."

"వాసన చూడండి."

చూశాడు. మొహం పక్కకి తిప్పుకున్నాడు. "అబ్బ! చచ్చిన ఎలకలా ఉంది."

"పురుగుమందు వాసనేనా?"

నేను మేనేజర్ వైపు తిరిగాను. "ఆయన కుళ్లిందన్న ఆకు ఇంకా ఉందా?"

మేనేజర్ ఒక డబ్బా తీసి ఇబ్బందిగా పట్టుకున్నాడు. "ఉందండీ. ఇదే మాకూ అంతుబట్టలేదు. పోయిన వారం దీన్ని ఛీ అని పక్కన పడేశారు. మొన్న మళ్లీ చూసి, ఈ ఏడాదికి ఇదే మేలు అన్నారు. డబ్బా ఇదే, మైనం కూడా నా ఎదుటే తీశారు."

"ఒక కప్పు కాచి ఇవ్వండి."

"ఓయ్ మాస్టారూ!" ఇన్‌స్పెక్టర్ అడ్డం వచ్చాడు. "మీరు పోతే రెండో కేసు కూడా నేనే రాసుకోవాలి. పైగా మీ తరఫున ఏడవడానికి ఇంట్లో ఎవరూ లేరు కూడా."

"అందుకే నాకు ధైర్యం ఎక్కువ," అన్నాను. అన్నాక అతను కాస్త తగ్గి పక్కకి జరిగాడు. ఆ మాట అనకుండా ఉండాల్సిందని అతనికి తెలిసింది.

తాగాను. మంచి టీ. అంతకన్నా దాంట్లో నాకు ఏమీ తెలియలేదు.

"డబ్బా అదే, నీళ్లు అవే, కప్పు అదే," అన్నాను నాకు నేనే చెప్పుకుంటున్నట్టు. "వారం కింద కుళ్లు, మొన్న మేలు. అల్లుడికి ఆ వారమూ బాగుంది, ఇప్పుడూ బాగుంది. మరి మారిందేమిటి?"

"మీరే చెప్పండి."

"ఆయన నోరు. ఇన్‌స్పెక్టర్ గారూ, ఆ కుళ్లు కప్పులో లేదు. ఆయన నోట్లో ఉంది. పెద్ద చెంచా బరువై కాదు, నోరు అంత తెరుచుకోక మానేశారు. ఉమ్ము మింగలేక రుమాళ్లు తడిపారు. ఏదో పన్ను పుచ్చి చీము కారుతోంది."

ఇన్‌స్పెక్టర్ పకపకా నవ్వాడు. "పన్ను పుచ్చితే మనిషి ఊపిరాడక పడిపోతాడా? మా ఆవిడకి మూడేళ్లుగా పుచ్చుపన్ను ఉంది. నా ఊపిరి తీస్తోంది గానీ తను నిక్షేపంగా ఉంది." నవ్వు ఆపి, వేలు నా వైపు చూపించాడు. "సరే, మీరన్నట్టే అనుకుందాం. చెడు రుచి మొన్ననే పోయింది. పోయిందంటే తగ్గినట్టేగా? తగ్గిన పన్ను మనిషిని ఇవాళ ఎలా పడేస్తుంది?"

మంచి ప్రశ్న. అతను తెలివితక్కువ వాడని నేనెప్పుడూ అనుకోలేదు. విషం అంటే పోయిన రుచి, రుమాళ్ల వాసన, అల్లుడి అబద్ధం మూడూ అతకవు, పన్ను అంటే ఒకటి అతకదు. ఆ ఒక్కటీ తేలకుండా ఏ జడ్జీ నా మాట వినడు.

అతని ఫోన్ మోగింది. విని, టోపీ పెట్టుకున్నాడు. "పెద్దాయనకి బాగా ముదిరిందట. ఏ మందో తెలిస్తే తప్ప విరుగుడు సరిగ్గా ఇవ్వలేమంటున్నారు. మీ చిన్ననాలుకని అక్కడికే లాక్కురమ్మన్నాను. మామ మొహం చూశాకైనా నిజం కక్కుతాడు."

*

పెద్దనాలుకని మంచం మీద పడుకోబెట్టలేదు, కూర్చోబెట్టారు. వెనక్కి వాలిస్తే ఊపిరి ఆగుతోందట. మొహానికి ఆక్సిజన్ గొట్టం. ఒత్తయిన గడ్డం మెడ దాకా ఉంది. ఒక నర్సు మాటిమాటికీ ఆయన పెదవులు తుడుస్తోంది. అందరూ హడావిడిగా తిరుగుతున్న ఆ గదిలో ఆమె ఒక్కతే ఆ తుడవడంలో తొందర చూపించలేదు. మంచం పక్కన కూతురు నిలబడి ఉంది. వాకిట్లో కానిస్టేబుల్ వెనక అల్లుడు.

"డాక్టరమ్మా," అన్నాను, "ఆయన నోరు చూశారా?"

డ్యూటీ డాక్టరు విసుగ్గా చూసింది. "వేలు కూడా దూరట్లేదు. దవడ బిగుసుకుపోయింది. పొద్దుటినుంచీ పురుగుమందుకి విరుగుడు ఇస్తున్నాం. పురుగుమందైతే కంటిపాపలు కుదించుకుపోవాలి, తెచ్చినప్పుడే అలా లేవు, జ్వరం చూస్తే మండిపోతోంది. నాకూ సరిపోవట్లేదు. కానీ విషం ఖాయం అని వీళ్లు రాసి పంపారు."

ఇన్‌స్పెక్టర్ టోపీ సర్దుకున్నాడు.

"ఆ గడ్డం కింద ఒక్కసారి చెయ్యి పెట్టి చూడండి."

ఆమె చెయ్యి పెట్టింది. తర్వాత రెండు చేతులతో దవడ కింద ఈ చివరనుంచి ఆ చివర దాకా నొక్కింది. నన్నూ పట్టి చూడమంది. మెడ అని తెలుసు కాబట్టి మెడ అనుకున్నాను గానీ, కళ్లు మూసుకుని పట్టుకుంటే చెక్క అనుకునేవాణ్ణి.

"సర్జన్‌ని పిలవండి. మత్తు డాక్టర్ని కూడా. వెంటనే," అంది నర్సుతో. మా వైపు తిరిగి గబగబా చెప్పింది. "విషం కాదు. కింది దవడ పన్ను వేరు దగ్గర పుట్టిన చీము నాలుక కిందకి, మెడలోకి దిగింది. నాలుకని పైకి తోసేసి గొంతు మూసేస్తోంది. ఇలాగే ఛాతీలోకి జారితే, రక్తంలో కలిస్తే, ఇక మన చేతుల్లో ఉండదు. నాకొకటి తెలియాలి. పన్ను నొప్పి ఎప్పుడు మొదలైంది? చీము బయటికి కారడం ఎప్పుడు ఆగింది?"

కూతురు తెల్లబోయి చూసింది. "పన్ను నొప్పా? నాన్నకా?"

నేను వాకిట్లోకి నడిచాను. "బాబూ, విన్నావుగా. ఇంకా దాస్తావా?"

అల్లుడు నన్ను కాదు, భార్యని చూస్తున్నాడు. "మావయ్య ఒట్టు వేయించుకున్నారు. నీ మీద," అన్నాడు ఆమెతో. "ఎవరికీ చెప్పనని. పన్ను సంగతి తెలిస్తే బల్ల దగ్గర్నుంచి లేపేస్తారు, మొదటి ఆకు వేలం ఆయన లేకుండా జరిగిపోతుందని. అయినా పన్నుకీ దీనికీ ఏంటి సంబంధం? మూడు రోజులుగా నొప్పే లేదన్నారు. తగ్గిపోయిన దాన్ని ఎందుకు చెప్పడం అనుకున్నాను."

"ఎలా తగ్గింది?" డాక్టరమ్మ గొంతు.

అతను తల వంచాడు. "వెనక పన్నుకి చిల్లు. దాంట్లోంచి కారుతోంది, నాలుక మీదికి. ఏ టీ చూసినా ఆ రుచే. 'మంచి ఆకులన్నీ పక్కన పడేస్తున్నాను, తోటలవాళ్ల ఉసురు తగులుతుందిరా' అని ఏడ్చారు మావయ్య. ఆ చిల్లు మూసెయ్యమన్నారు. వేడినీళ్లతో పుక్కిలించాక, పన్నుపుల్లతో... నేనే మైనం పెట్టి మూశాను. మర్నాటికి రుచి పోయింది. నన్ను కౌగిలించుకున్నారు."

ఇన్‌స్పెక్టర్ అడిగిన ప్రశ్నకి నాకు దొరకని జవాబు అదే.

"కారినన్నాళ్లూ అది బయటికి పోయింది," అంది డాక్టరమ్మ మెల్లగా. తిట్టలేదు. తిట్టి ఉంటే అతనికి తేలికయ్యేదేమో. "మీరు ఆ దారి మూశారు. అది లోపలికి దారి చేసుకుంది. నొప్పి ఆగితే తగ్గినట్టు కాదు."

కానిస్టేబుల్ అల్లుణ్ని బెంచీ మీద కూర్చోబెట్టి, కళ్లు తుడుచుకోవడానికి వీలుగా ఒక చేతి బేడీ విప్పాడు.

"విషం కాదు, ఒప్పుకున్నాను," అన్నాడు ఇన్‌స్పెక్టర్ నాతో గొంతు తగ్గించి. "కానీ మూసింది వీడే. అలా మూస్తే మనిషి పోతాడని వీడికి తెలియదని ఎవరు చెప్పాలి? పెద్దాయనే అడిగాడని ఎవరు చూశారు?"

"ఆయనే చెప్పాలి."

"అదే నా బాధ మాస్టారూ."

కూతురు భర్త వైపు వెళ్లలేదు. తండ్రి మంచం వదల్లేదు. ఏ వైపు అడుగేసినా రెండో వైపు కాదన్నట్టు అవుతుందేమోనని మధ్యలో నిలబడిపోయింది.

*

నోటిలోంచి గొట్టం పోదు కాబట్టి, ఆయన మెలకువగా ఉండగానే గొంతు ముందు చిన్న రంధ్రం చేసి గొట్టం పెట్టారు. ఊపిరి ఆడింది. మాట పోయింది. తర్వాత స్కానింగ్‌కి తీసుకెళ్లి తెచ్చారు. డాక్టరమ్మ మొహం చూడగానే సంగతి తెలిసింది.

"ఛాతీలోకి దిగింది. గుండె పక్కదాకా. మెడా, ఛాతీ రెండూ తెరిచి శుభ్రం చెయ్యాలి. బతుకుతారని నేను మాట ఇవ్వలేను." ట్రాలీ ఆపరేషన్ థియేటర్ తలుపు దగ్గర ఆగింది. "మత్తు మొదలుపెడుతున్నారు. ఏమైనా అడగాలంటే ఇప్పుడే. వినిపిస్తుంది, జవాబు రాదు. అవునంటే చెయ్యి నొక్కమనండి."

నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. వేడిగా, తడిగా ఉంది. కళ్లు తెరిచి చూశాడు. అవతల బెంచీ మీంచి అల్లుడు లేచి నిలబడ్డాడు.

నాకన్నా ముందు ఇన్‌స్పెక్టర్ వంగాడు. అడిగే హక్కు అతనిదే.

"పెద్దాయనా, మీ పంట్లో మైనం పెట్టింది మీ అల్లుడేనా?"

నా వేళ్లు నొప్పిపుట్టేలా నొక్కాడు. తొందరగా, ఇంకేదో చెప్పాలన్నట్టు, విడవకుండా నొక్కాడు.

ఇన్‌స్పెక్టర్ నిటారుగా నిలబడ్డాడు. "చాలు."

"చాలదు," అని నేను ఆయన చెవి దగ్గర వంగాను. "మీరు పెట్టమంటేనే పెట్టాడా? మీరే అడిగారా?"

ఆయన కళ్లు నా వైపు తిరిగాయి. ప్రశ్న అర్థమైంది. అది మాత్రం ఖాయంగా చెప్పగలను. కానీ అప్పటికే రెప్పలు బరువెక్కుతున్నాయి. నేను ఆ వేళ్ల కోసం ఎదురుచూశాను. చిటికెన వేలు కదిలినట్టనిపించింది. లేక అది నా చెయ్యి వణకడమేమో.

"నొక్కాడా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

అతని మొహంలో వెటకారం లేదు. నేను అవునంటే నమ్ముతాడు. అక్కడే బేడీ విప్పించేస్తాడు. కూతురు నన్నే చూస్తోంది, చిన్నప్పుడు మా వంటింటి గడప దగ్గర నిలబడి చూసినట్టే.

"తెలియలేదు," అన్నాను.

నర్సు నా చేతిలోంచి ఆ చేతిని మెత్తగా విడిపించి దుప్పటి కింద పెట్టింది. ట్రాలీ లోపలికి వెళ్లింది. తలుపులు మూసుకున్నాయి.

ఇందాక విప్పిన బేడీ పట్టుకుని, మళ్లీ వెయ్యాలా అన్నట్టు కానిస్టేబుల్ ఇన్‌స్పెక్టర్ వైపు చూశాడు. ఇన్‌స్పెక్టర్ వద్దన్నట్టు చెయ్యి ఊపి, అల్లుడి పక్కనే బెంచీ మీద కూలబడి టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఆయన లేచేదాకా ఇక్కడే కూర్చుంటాను," అన్నాడు నాతో. "లేచి మీ రెండో ప్రశ్నకి అవునంటే వీణ్ని నేనే ఇంటికి దింపుతాను. లేవకపోతే మాత్రం మాస్టారూ, ఆయన నాకు చెప్పిన జవాబు ఒక్కటే."